టెక్ సందేహాలు: 1988 సంక్రాంతి ఫొటోకి మొన్న మంగళవారం తేదీ

ప్రశ్న: 1988 నుంచి ఏటా సంక్రాంతికి మా ఇంటి మెట్ల మీద అందరం కూర్చుని ఒక ఫొటో దిగుతున్నాం. రెండు మూడేళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. వీటిని వరసగా పేర్చి వీడియో చేద్దామని మనవరాలు సరదా పడుతోంది. ఫోన్‌తో ఫొటోలు తీసి ఎక్కిస్తే అన్నీ మొన్న మంగళవారం తేదీతో ఒకేచోట పడ్డాయి. వరస ఎలా కుదురుతుంది? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు మచ్చుకి పంపిన నాలుగు ఫొటోలు చూస్తూ కాసేపు జవాబు రాయడమే మర్చిపోయానండీ. మొదటి దాంట్లో మెట్ల పక్కన నడుమెత్తు కొబ్బరి మొక్క ఉంది. మూడోదానికి వచ్చేసరికి మాను ఒక్కటే కనిపిస్తోంది, మట్టలు ఫ్రేము దాటి పైకెళ్లిపోయాయి. మొదటి ఫొటోలో పైన కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దావిడ నాలుగోదాంట్లో వెనక గోడ మీద దండతో ఉన్నారు. కింది మెట్టు మీద లాగూ పైకి లాక్కుంటున్న పిల్లాడే చివరిదాంట్లో బట్టతలతో ఆ కుర్చీ పక్కన నిలబడ్డాయన అనుకుంటాను. అవునో కాదో రాయండి.

ఇక తేదీ సంగతి. ఫోన్‌కి తెలిసింది మీరు ఒక కాగితాన్ని ఫొటో తీశారనే. ఎప్పుడు తీశారో ఆ తేదీ రాసుకుంది, దాని తప్పేం లేదు. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో తెరిచి వేలితో పైకి జరిపితే వివరాలు కనిపిస్తాయి. అక్కడ తేదీని మార్చుకోవచ్చు, వరస వెంటనే కుదురుతుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అక్కడ మార్చిన తేదీ గూగుల్ లెక్కల్లోనే ఉంటుంది, ఫైల్లోకి ఎక్కదు. రేపు అదే ఫొటోను డౌన్‌లోడ్ చేసుకుంటే మళ్లీ మంగళవారమే. అందుకని ఫైలు పేరే మార్చేయండి: 1988-01-14, 1989-01-14 ఇలా. ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. పేరు ప్రకారం పేర్చమంటే ఏ కంప్యూటరైనా కాలక్రమంలోనే పేరుస్తుంది. ఫలానా ఏడు భోగి రోజు తీశామా, పండగ రోజా అని ఇంట్లో వాదన పెట్టుకోకండి, ఏడాది కుదిరితే చాలు.

ముప్పై చిల్లర ఫొటోలే కదా, ఫోన్‌తో కాకుండా స్కానర్ మీద చేయించండి. 4×6 అంగుళాల ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600, అంటే 86 లక్షల చుక్కలు వస్తాయి. మొహాలు దగ్గరికి లాగి చూపించినా చెదరవు. ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయించడం మర్చిపోవద్దు. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన పేర్లు ఉండేది అక్కడే.

వీడియోలో చాలామంది మొహాల్ని కలపాలని చూస్తారు. మీరు మెట్లను కలపండి. కింది మెట్టు రెండు చివరలూ ప్రతి ఫొటోలోనూ తెర మీద ఒకే చోటుకి వచ్చేలా జరపండి. పై ఫొటోను సగం పారదర్శకంగా పెట్టి కింది ఫొటోతో సరిచూసుకునే సౌకర్యం చాలా ఎడిటింగ్ యాప్‌లలో ఉంటుంది. అప్పుడు ఇల్లు కదలకుండా నిలబడుతుంది, మనుషులు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మారుతుంటారు. మొహాలు కలిపారంటే ఇల్లు పడవలా ఊగుతుంది.

అన్నట్టు, ఈ ఫైళ్లను బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, లోపల రాసి ఉన్న తేదీ, చోటు వివరాలు పోతాయి. మా చెల్లెలి పెళ్లి ఫొటోలు అలా పంపించుకునే పోగొట్టుకున్నాను. మూడు రోజుల పెళ్లి ఒకే నిమిషంలో జరిగినట్టు ఉంది ఇప్పుడు నా ఫోన్‌లో.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా పెళ్లి ఆల్బమ్ మునిగింది. ఆరబెట్టాం కానీ ఫొటోలు పైనున్న ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయాయి. స్టూడియోలో ఏఐతో కొత్తవాటిలా చేసిస్తామంటున్నారు. ఇవ్వమంటారా? – గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ముందు ఆ ప్లాస్టిక్ పీకడం ఆపండమ్మా. ఫొటో మీద రంగులుండే పొర జెలటిన్‌తో చేసింది. తడిస్తే మెత్తబడి జిగురవుతుంది, ఆరేటప్పుడు ఎదురుగా ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు పీకితే మొహం ప్లాస్టిక్‌తో పాటే వచ్చేస్తుంది. ప్లాస్టిక్ మీద నుంచే అన్నీ స్కాన్ చేయించండి. ఆ తర్వాతే ప్రయోగాలు. అంతగా అక్కర్లేని ఫొటో ఒకటి తీసుకుని చల్లటి మంచినీళ్లలో నానబెట్టి, దానంతటది వదులుతుందేమో చూడండి. ఇది ల్యాబ్‌లో కడిగిన ఫొటోలకే. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసినవాటిని నీళ్లలో వేస్తే రంగు నీళ్లే మిగులుతాయి.

ఏఐ విషయానికొస్తే, బట్టల మీద, వెనక తెర మీద మరకలు తీయించుకోండి. మొహం దగ్గర మాత్రం జాగ్రత్త. చెరిగిపోయిన చోట ఏముండేదో ఏఐకి తెలియదు. అక్కడ ఉండదగ్గ మొహం ఒకటి గీసి పెడుతుంది. మా నాయనమ్మ బుగ్గల మీద స్ఫోటకం మచ్చలుండేవి. ఆవిడ పాత ఫొటో ఇలాగే బాగుచేయిస్తే మచ్చలన్నీ మరకలనుకుని తుడిచేసింది. ముక్కుపుడకను నీడ అనుకుందో ఏమో, అదీ పోయింది. నున్నటి మొహంతో చక్కగా ఉన్నావిడను చూసి మా నాన్న అడిగిన మొదటి మాట "ఎవరీవిడ?" అని. మీరూ చేయించుకోండి, కాదనను. కానీ మరకలున్న అసలు స్కాన్‌ను వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. బాగుచేసిన ఫైలు పేరు చివర "ఏఐ" అని రాయండి. పాతికేళ్ల తర్వాత మీ పిల్లలకి రెండిటిలో ఏది మీరో తెలియాలి కదా.

ప్రశ్న: గూగుల్ ఫొటోస్ మా పాపను నా చిన్నప్పటి ఫొటోలతో కలిపేస్తోంది. – తెనాలి

జవాబు: మీ అత్తగారికి చూపించకండి, పోలిక ఎవరిదో తేలిపోతుంది! సెర్చ్‌లో ఆ మొహం తెరిచి, మూడు చుక్కల మెనూలో "రిమూవ్ రిజల్ట్స్" నొక్కి తప్పుగా చేరినవి తీసేయండి.

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీ మీద పుష్కరాలప్పుడు మా తాతయ్య వాళ్లు దిగిన ఫొటో దొరికింది. మూలన నారింజ అంకెల్లో 98 1 1 అని ఉంది. అదే చోట నుంచి ఇప్పుడు తీయాలని నా కోరిక. – ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆ అంకెల్ని నమ్మకు. బ్యాటరీ మార్చాక తేదీ సరిగ్గా పెట్టకపోతే కెమెరా ఆ తప్పు తేదీనే ముద్రిస్తుంది. కృష్ణా పుష్కరాలు వచ్చింది 1992లో, 2004లో, 2016లో. 1998లో పుష్కరాలే లేవు. బ్యారేజీని చూసి ఏడాది చెబుదామంటే 1957 నుంచీ అవే 70 గేట్లు. మీ బాబాయి చంకలో ఉన్నాడని, ఆయన 1991లో పుట్టాడని నువ్వే రాశావు. ఇంకేం, అది 1992.

అదే ఫొటో రావాలంటే ముఖ్యమైనది నువ్వు నిలబడే చోటు. జూమ్ ఎంత మార్చినా దగ్గరవాటికీ దూరపువాటికీ మధ్య పొందిక మారదు, అడుగు పక్కకు వేస్తేనే మారుతుంది. పాత ఫొటోలో దగ్గరగా ఉన్న దీపస్తంభం ఇంద్రకీలాద్రి అంచుకు ఎక్కడ తగులుతోందో చూడు. స్తంభం ఇప్పుడు లేకపోతే రెయిలింగ్‌లో ఒక మూల పట్టుకో. రెండూ అలాగే తగిలేదాకా ముందుకూ వెనక్కూ జరుగు. అప్పటి ఫిల్మ్ కెమెరాల్లో చాలావాటికి 35 నుంచి 50 మిల్లీమీటర్ల లెన్సులుండేవి. ఫోన్ మామూలు కెమెరా దాదాపు 24–26తో సమానం. కాబట్టి 1.5 నుంచి 2 రెట్ల జూమ్‌తో మొదలుపెట్టు. కొండ కింద 2020లో వచ్చిన కనకదుర్గ ఫ్లైఓవర్ అడ్డొస్తోందని పక్కకు జరుగుతావేమో, జరగకు. నువ్వు తీయడానికి వెళ్లింది దాన్నే.

ప్రశ్న: భూసమీకరణలో ఇచ్చిన మా ఎకరన్నర పొలం పాత రూపం ఎక్కడైనా చూడొచ్చా? – రైతు, తుళ్లూరు

జవాబు: కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. పైన గడియారం గుర్తు నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలు తేదీల వారీగా వస్తాయి. గట్లు కూడా కనిపిస్తాయి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే గూగుల్ ఎర్త్‌లోనే టైమ్‌లాప్స్ ఉంది, 1984 నుంచి చూపిస్తుంది. అయితే ఆ పాత చిత్రాల్లో ఒక చుక్క అంటే నేల మీద 30 మీటర్ల చదరం. మీ ఎకరన్నర మొత్తం ఏడు చుక్కలకు మించదు. ఆ ఏడు చుక్కలూ ఆకుపచ్చ నుంచి మట్టి రంగుకి ఏ ఏడాది తిరిగాయో మాత్రం చూడగలరు.