అదుపులో లేనిది జబ్బు మాత్రమే

ప్రశ్న: నా వయసు 42. హైదరాబాద్‌లో ఉద్యోగం. 7 నెలల క్రితం నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు, మాట పడిపోయాయి. ఊళ్లో తమ్ముడు, మరదలు చూసుకుంటున్నారు; నేను నెలనెలా డబ్బు పంపుతున్నాను. మొదటిసారి చూసి వచ్చాక వారం రోజులు నిద్ర పట్టలేదు. అప్పుడే ప్రాచీన గ్రీసు, రోమ్‌లలో వికసించిన స్టోయిక్ తత్వం గురించి చదివాను. మన అదుపులో లేనివాటికి బాధపడకూడదన్న మాట నన్ను నిలబెట్టింది. ఆ తర్వాత ఊరు వెళ్లలేదు. తమ్ముడు ఫోన్‌లో కఠినంగా మాట్లాడాడు. నేను బండబారిపోయానని నా భార్య అంటోంది. నాది తప్పా?

జవాబు: మీరు బండబారలేదు. బండబారిన మనిషికి నిద్ర కరువవదు, ఇలా రాసి అడగాలనీ అనిపించదు. కన్నతండ్రిని ఆ స్థితిలో చూడలేక మీరు దూరం జరిగారు, ఆ దూరానికి ఒక తత్వం ఆసరాగా దొరికింది. అయితే ఆ తత్వం చెప్పింది అది కాదు.

మీరు పట్టుకున్న మాట సుమారు 1900 ఏళ్ల నాటి స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్‌ది. బానిసగా పుట్టి, కుంటికాలితో బతికి, డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను రోమ్ నుంచి వెళ్లగొట్టినప్పుడు గ్రీసులోని నికోపోలిస్ చేరి పాఠాలు చెప్పిన మనిషి ఆయన. శిష్యుడు అరియన్ రాసిపెట్టిన ఆ బోధల్లో దాదాపు మీ కథే ఉంది. ఒక అధికారి ఆయన దగ్గరకు వచ్చి, తన చిన్నకూతురికి జబ్బు చేస్తే చూస్తూ ఉండలేక ఇల్లు విడిచి పోయాననీ, నయమైందన్న కబురు అందాకే తిరిగి వెళ్లాననీ, అది తండ్రి ప్రేమేననీ చెప్పుకుంటాడు. ఎపిక్టెటస్ వరసగా అడుగుతాడు: మరి ఆ పిల్ల మీద తల్లికి ప్రేమ లేదా, ఆమె కూడా వెళ్లిపోవలసిందేనా? దాది కూడానా? ప్రేమ ఉన్నవాళ్లందరూ ప్రేమ కొద్దీ వెళ్లిపోతే, ఆ పిల్ల తనను పట్టించుకోనివాళ్ల చేతుల్లో ప్రాణం విడవాలా?

ఈ ప్రశ్నలను మీరు నెమ్మదిగా, ఒంటరిగా చదువుకోవాలని నా కోరిక. నాన్నగారి మాట తిరిగి రావడం మీ చేతిలో లేదు, నిజమే. కానీ బస్సెక్కడం, మంచం పక్కన కూర్చోవడం, గడ్డం గీయడం మీ సంకల్పానికి సంబంధించినవి. మన వశంలో ఉన్నవాటిలో ఎపిక్టెటస్ మొదట లెక్కపెట్టినవాటిలో సంకల్పం ఒకటి.

తమ్ముడి విషయానికీ ఆయన దగ్గరే మాట ఉంది. ప్రతిదానికీ రెండు పిడులుంటాయి, ఒకదాన్ని పట్టుకుంటే మోయగలం, రెండోదాన్ని పట్టుకుంటే మోయలేం. తోబుట్టువు నొప్పించినప్పుడు ఆ నొప్పిని కాక, కలిసి పెరిగినవాడన్న పిడిని పట్టుకోమంటాడు. 7 నెలలుగా తండ్రిని ఎత్తి, తుడిచి, తినిపిస్తున్న మనిషి నోట కఠినమైన మాట రావడంలో నాకు ఆశ్చర్యం కనిపించడం లేదు. మీ డబ్బు అవసరమైనదే, కానీ అది వాళ్లకు ఒక్క రాత్రి నిద్ర ఇవ్వలేదు.

ఈ వారాంతంలో వెళ్లి రెండు రాత్రులు ఉండండి. వాళ్లిద్దరినీ పడుకోమని, నాన్నగారిని మీరు చూసుకోండి. మంచాన పడ్డవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఎలాగో తమ్ముణ్ణి అడిగి నేర్చుకోండి. మాట పోయినంత మాత్రాన అర్థం చేసుకునే శక్తి పోయినట్టు కాదు; చిన్న వాక్యాల్లో, తల ఊపి జవాబివ్వగల ప్రశ్నలు అడగండి, ఆయన ఎదుటే ఆయన గురించి వేరొకరితో మాట్లాడకండి.

అక్కడ మీకు దుఃఖం పొంగితే తత్వం విఫలమైందనుకోకండి. మనసులోని తొలి కదలికలు చన్నీళ్లు చల్లినప్పుడు ఒళ్లు జలదరించడం వంటివనీ, వాటిని ఆపడం వివేకికీ సాధ్యం కాదనీ మరో స్టోయిక్ తత్వవేత్త సెనెకా రాశాడు. తిరిగి వచ్చాక మళ్లీ నిద్ర దూరమై వారాలు గడిస్తే మాత్రం వైద్యుణ్ణి కలవండి.

ముందుగా తమ్ముడికి ఫోన్ చేసి, వస్తున్నానని మాత్రమే చెప్పండి. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో ఫోన్‌లో వివరించవద్దు. ఆ మాట అతని పక్కన కూర్చుని చెప్పవలసింది.