మిగిలిన మాటలు ఏమయ్యాయి

కోబె,
జనవరి 6

చిరంజీవి చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోను చేసినప్పుడు ఇక్కడ రాత్రి పదకొండు దాటింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే నా వయసువాళ్లకు ముందుగా గుండె ఝల్లుమంటుంది. "చిన్నా జపాన్ వస్తున్నాడు, సంతకం కూడా చేసేశాడు" అని ఒక్క గుక్కలో చెప్పి, వెంటనే గొంతు తగ్గించి, "చొక్కా మీద మూడంకెల నంబరు ఇస్తారట, అది మంచిదేనా బాబాయ్?" అని అడిగింది. ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. లేచి అలమరలోని పాత స్కోరు పుస్తకాలు తీసుకుని తెల్లవారేదాకా తిప్పుతూ కూర్చున్నాను. పద్నాలుగేళ్లు ఇక్కడ ఒక బేస్‌బాల్ క్లబ్బులో విదేశీ ఆటగాళ్లకు దుబాసీగా పనిచేశాను. ఎంతమందికో విమానాశ్రయంలో ఎదురెళ్లి తీసుకొచ్చాను, ఎంతమందినో సాగనంపాను. వాళ్లలో ఒక్కడూ మన ఇంటివాడు కాదు. ఇప్పుడు నువ్వు వస్తున్నావు.

ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగు నీకు చాలు. నెమ్మదిగా చదువు. అర్థం కానిచోట మీ అమ్మను అడుగు. మధ్యలో ఒక పాత సంగతి రాశాను, అది మాత్రం నువ్వు ఒక్కడివే చదువుకో.

ముందు ఆ నంబరు సంగతి. నీది ఇకుసెయ్ ఒప్పందం, అంటే పెంచి పెద్దచేయడానికి తీసుకున్న ఆటగాడివి. 2005లో ఈ పద్ధతి మొదలైంది. మూడంకెల చొక్కా తొడుక్కున్నంతకాలం పై జట్టు లీగ్ మ్యాచ్‌లలో నీకు చోటుండదు, నిగున్ అనే రెండో జట్టులోనే ఆడాలి. ఈ ఏడాదే పైకి వెళ్లాలంటే జూలై 31లోగా మామూలు ఒప్పందం చేతికి రావాలి. అది చిన్నతనం కాదని మీ అమ్మకు చెప్పు. క్యూబా నుంచి లివాన్ మొయినెలో, రైడెల్ మార్తినెజ్ 2017లో ఇలాగే మూడంకెలతో వచ్చారు. ఆ తర్వాత వాళ్ల బంతులను ఎదుర్కోవడానికి ఈ దేశంలోని మేటి బ్యాటర్లే తంటాలు పడ్డారు.

ఒక్క మాట నాకు ముందు చెప్పకుండా సంతకం చేశావు. గాయమైతే వైద్యం ఎవరు చేయిస్తారు, ఎక్కడ చేయిస్తారు, నీ డాక్టరుకు చూపించుకోవచ్చా, ఆ కాగితంలో చదివావా? చదవకపోతే ఈ రాత్రే చదువు. కోపంగా రాస్తున్నానని అనుకోకు. పోనీ, అనుకో.

ఇక, వచ్చాక నీకే తెలిసిపోయే విషయాలు. మైదానంలో అడుగుపెట్టేటప్పుడు, బయటకు వచ్చేటప్పుడు టోపీ తీసి తల వంచు. వసతిగృహంలో చెప్పులు ఎక్కడ విడవాలో చూసి విడువు. పిలిచిన సమయానికి పది నిమిషాలు ముందుండు. బ్యాటర్‌కు బంతి తగిలిస్తే టోపీ తీయి, దాన్ని ఇక్కడ డెడ్‌బాల్ అంటారు. గురితప్పిన నాలుగు బంతులకు బ్యాటర్ నడిచి వెళితే ఫోర్‌బాల్, రాత్రి మ్యాచ్‌కు నైటర్. వినడానికి ఇంగ్లీషులా ఉన్నా ఇవి జపాన్‌లో పుట్టిన మాటలు, కొత్తగా నేర్చుకోవలసిందే. బంతి అమెరికా బంతిలా జారదు, వేళ్లకు కాస్త అంటుకుంటుంది, పట్టు సులువు. నువ్వు నిలబడి బంతి వేసే మట్టిదిబ్బ, అదే మౌండ్, కొన్నిచోట్ల మెత్తగా ఉంటుంది, నీ ఎడమకాలు దిగినచోట గుంట పడుతుంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. పై జట్టులో మొదట బంతి వేసే పిచ్చర్‌కు వారానికి ఒకసారే వంతు వస్తుంది, అది నీ చేతికి మేలు.

ఈ దేశంలో ఆడటం గురించి చదివినవాళ్లు నీకు 'వా' అనే మాట చెబుతారు. సామరస్యం అని అర్థం. విదేశీయుడు తలవంచుకుని ఉండాలి, నోరు మూసుకోవాలి, అందరితో పాటు పోవాలి అని దానికి టీక రాస్తారు. నేను చూసిన మంచి ఆటగాళ్లెవరూ అలా లేరు. వెనెజువెలా నుంచి వచ్చిన అలెక్స్ రమీరెజ్‌ను చూడు. పిచ్చర్‌ను చదివినంత శ్రద్ధగా, బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే ఎదుటి జట్టు క్యాచర్ ఆలోచనను చదివాడు. బంతిని మైదానం బయటికి కొట్టి హోమ్ రన్ చేసినప్పుడల్లా ఇక్కడి హాస్యనటుల చేష్టలు చేసి జనాన్ని నవ్వించాడు. 2013లో రెండు వేల హిట్లు దాటాడు, విదేశీ ఆటగాళ్లలో అంతకుముందు ఎవరూ అక్కడికి చేరలేదు. తర్వాత ఇక్కడే ఒక జట్టుకు మేనేజర్ అయ్యాడు. అది తలవంచుకోవడం కాదు. ఇంటివాళ్ల ముచ్చట్లు తెలుసుకుని ఇంట్లోవాడైపోవడం.

హన్షిన్ టైగర్స్ జట్టుకు ఆడిన అమెరికా బ్యాటర్ రాండీ బాస్ కథ నీకు చిన్నప్పుడే చెప్పాను, గుర్తుందా? ఆ జట్టు సొంత మైదానం కోషియెన్‌లో సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కుడివైపు నుంచి ఎడమవైపుకు వీస్తుంది. ఎడమచేతి వాటం బ్యాటర్ బలంగా లాగి కొట్టిన బంతిని అది వెనక్కి నెడుతుంది. బాస్ ఎడమచేతి వాటమే. ఆ గాలితో పోట్లాడకుండా, అదే గాలి మీద బంతిని ఎడమవైపుకు కొట్టడం నేర్చుకున్నాడు. 1985లో 54 హోమ్ రన్లు కొట్టాడు, ఇక్కడి దిగ్గజ బ్యాటర్ సదహరు ఓ 1964లో నెలకొల్పిన 55 రికార్డుకు ఒక్కటి తక్కువ. ఆ ఏడాది చివరి మ్యాచ్‌లో ఎదుటి జట్టు మేనేజర్ ఆ ఓయే. పిచ్చర్లు బాస్‌కు బంతి అందకుండా దూరంగా వేస్తూ పోయారు. నాకు ఇప్పటికీ ఆ రాత్రి తలచుకుంటే కడుపు మండుతుంది. మరుసటి ఏడాది అతని బ్యాటింగ్ సగటు 0.389, అంటే పదిసార్లలో దాదాపు నాలుగు హిట్లు. ఈ దేశంలో ఆ అంకెను ఇంతవరకు ఎవరూ దాటలేదు. 2023లో ఇక్కడి హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు చేర్చినప్పుడు మీ అమ్మమ్మ చెల్లెలు, అదే మా ఇంటావిడ, పాయసం వండింది.

ఫిబ్రవరి 1న క్యాంపు మొదలవుతుంది. అక్కడ నగెకోమి అనే మాట వింటావు. పిచ్చర్లు సాధన చేసే బుల్‌పెన్‌లో ఒకే రోజు వంద, ఒక్కోసారి రెండువందల బంతులు కూడా వేయిస్తారు. నువ్వు పెరిగినచోట బంతులు లెక్కపెట్టి ఆపుతారు, ఇక్కడ అలసిన చేతికే అసలు కదలిక వంటబడుతుందని నమ్ముతారు. ఎవరిది సరి అన్న వాదన నీకు వద్దు. బుల్‌పెన్‌లో అందరి ముందు "ఇక వేయను" అని మాత్రం అనకు, కోచ్‌కు వెనక్కి తగ్గే దారి ఉండదు. ముందురోజు సాయంత్రం అతని గదికి వెళ్లు, దుబాసీని తీసుకుని వెళ్లు, "నా చేతికి ఇంత అలవాటు, నెమ్మదిగా పెంచుతాను" అని చెప్పు. కోచ్ వింటాడు. అందరి ముందు మొండిగా కనిపించే మనిషి నాలుగు గోడల మధ్య వినడం నేను ఎన్నోసార్లు చూశాను. అమెరికా పిచ్చర్ కోల్బీ లూయిస్ 2008, 2009లలో హిరోషిమాలో ఆడి, ఎదురొడ్డి బంతి వేయడంలో రాటుదేలి అమెరికా తిరిగి వెళ్లాడు. 2010లో అక్కడి ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో ఒక మ్యాచ్ గెలిచాడు. ఈ దేశం పిచ్చర్ చేతిని పాడుచేస్తుందని మీ నాన్న భయపడుతున్నాడట. ఈ పేరు చెప్పు.

చేతిని పాడుచేసేది వేరే ఉంది. ఇక్కడి నుంచి నువ్వు ఒక్కడివే చదువు.

1989 వేసవి. వానలు వెనకపట్టి ఎండ మొదలైన రోజులు. మా జట్టులో ఒక అమెరికా పిచ్చర్ ఉండేవాడు, పేరు రాయను. మంచి మనిషి, బిడియస్థుడు. రెండు వారాల ముందు అతను ఏదో మామూలుగా అన్న మాటను ఒక పత్రిక ఫిర్యాదుగా రాసింది, జట్టులో కొందరు ముఖాలు ముడుచుకున్నారు. అతని మీద పడ్డ ఆ మచ్చ ఎలా పోతుందా అని నేను రాత్రింబగళ్లు ఆలోచించేవాణ్ణి. అది నా పని కాదు, అయినా నాదనుకున్నాను.

ఆ రోజు ఆరో ఇన్నింగ్స్ ముగిసింది. అతను బెంచీ చివర కూర్చుని భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. పిచ్చింగ్ కోచ్ వచ్చి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. పైనుంచి మాట్లాడే ఆ మనిషి అలా కూర్చోవడం నేను అంతవరకు చూడలేదు. "ఇకేరు కా" అని అడిగాడు. వెళ్లగలవా అని. పిచ్చర్ చాలాసేపు మాట్లాడాడు. "వెళ్లమంటే వెళ్తాను. కానీ ఐదో ఇన్నింగ్స్ నుంచి లోపల ఏదో పట్టేస్తోంది. వేళ్లకు బలం అందడం లేదు. ఇలా నాకు ఎప్పుడూ లేదు. మీరు ఎలా అంటే అలా." ఇదంతా విని నేను కోచ్ వైపు తిరిగి ఒక్క మాట చెప్పాను. "ఇకిమాసు." వెళ్తాడు.

అబద్ధం చెప్పానని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. 'వెళ్లమంటే వెళ్తాను' అన్నాడు కదా. మిగతాది చెబితే మళ్లీ ఫిర్యాదు అంటారు, పిరికివాడంటారు, అతన్ని కాపాడుతున్నాను అనుకున్నాను. కోచ్ ఒక క్షణం నా ముఖంలోకి చూసి, అతని మోకాలు తట్టి లేచి వెళ్లిపోయాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో పదకొండో బంతి వేశాక అతని చేయి కిందికి వేలాడింది. స్టాండ్స్‌లో బాకాలు ఊదేవాళ్లు ఒక్కొక్కరుగా ఆపేశారు. అలాంటి నిశ్శబ్దం ఈ దేశపు మైదానంలో నేను మళ్లీ వినలేదు. ఆగస్టులో అతన్ని విమానం ఎక్కించి వచ్చాను. మళ్లీ ఎక్కడా ఆడలేదు.

పది రోజుల తర్వాత కోచ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. "ఆ రోజు అతను చాలాసేపు మాట్లాడాడు. నువ్వు ఒక్క మాటే చెప్పావు. మిగిలిన మాటలు ఏమయ్యాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాసేపు నిలబడి, "నేను నిజంగానే అడిగాను" అని వెళ్లిపోయాడు. మూర్ఖుడు, చేతులు విరగ్గొట్టేవాడు అని నేను అనుకున్న మనిషి నిజంగానే అడిగాడు. ఆ చేతిని మాటతో విరగ్గొట్టింది నేను.

ఆ పిచ్చర్ చాలా ఏళ్లు ప్రతి డిసెంబరులో కార్డు పంపేవాడు. అక్కడ నాకున్న ఒకే స్నేహితుడివి నువ్వు అని రాసేవాడు. నేను జవాబు రాసేవాణ్ణి, పిల్లల గురించి, వాతావరణం గురించి. ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. తర్వాత కార్డులు రావడం ఆగిపోయింది. మీ అమ్మకు గానీ, మా ఇంటావిడకు గానీ ఇది తెలియదు. నీకే చెబుతున్నాను.

నీకు క్లబ్బు ఒక దుబాసీని ఇస్తుంది. కుర్రవాడై ఉంటాడు, నీకు ఇల్లు చూపిస్తాడు, బ్యాంకుకు తీసుకెళ్తాడు, నీ మంచి కోరతాడు. ఆ మంచి కోరడమే నా భయం. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడు, ఒక్కొక్కటీ అతను చెప్పేదాకా ఆగు. నువ్వు పది మాటలు మాట్లాడితే అతను రెండే చెబితే, అక్కడే ఆపి మళ్లీ చెప్పు. కోచ్ ముఖం చూస్తూ మాట్లాడు, దుబాసీ ముఖం చూస్తూ కాదు. 'మీరు ఎలా అంటే అలా' అని మాత్రం ఎప్పుడూ అనకు. మర్యాద కోసం మనం అనే ఆ మాటను ఇక్కడివాళ్లు ఒప్పుకోవడంగా తీసుకుంటారు.

నువ్వు అంటావు, నిన్ను నాకు తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు ఆగస్టు సెలవుల్లో వచ్చావు. హైస్కూలు పిల్లల మ్యాచ్‌కు కోషియెన్ తీసుకెళ్లాను. ఓడిన పిల్లలు ఏడుస్తూ ఆ నల్లమట్టిని సంచుల్లోకి ఎత్తుకుంటుంటే, "ఓడిపోయి మట్టి ఎందుకు తాతయ్యా?" అని అడిగావు. ఆ రాత్రి భోజనాల దగ్గర నువ్వు ఎడమచేత్తో అన్నం కలుపుతుంటే మా ఇంటావిడ గమనించి కుడిచేయి పట్టుకుంది. మణికట్టు వాచి నల్లబడింది. ముందురోజు స్టేషన్ మెట్ల మీద పడ్డావట. చెబితే మ్యాచ్‌కు తీసుకెళ్లనని రోజంతా చొక్కా చేతిలో దాచుకున్నావు. ఆసుపత్రిలో కట్టు కడుతుంటే కూడా "నొప్పి లేదు" అన్నావు. ఆ రోజు నీ ధైర్యం చూసి మురిసిపోయాను. నిన్న రాత్రి స్కోరు పుస్తకాలు తిప్పుతుంటే గుర్తొచ్చినది ఆ మణికట్టే.

ఆవకాయ తీసుకురాకు, దారిలో సీసా పగులుతుంది. ఇక్కడ మా ఇంటావిడ పెట్టి ఉంచింది, క్యాంపుకు పంపిస్తాం. ఉన్ని బట్టలు రెండు జతలు చాలు.

విమానం ఎక్కేలోపు ఒక్క వాక్యం నేర్చుకో. "కతా గా ఇతాయ్ దెసు." భుజం నొప్పిగా ఉంది అని. కతా అంటే భుజం. మోచేయి అయితే కతా తీసి హిజి పెట్టు. రేపు మీ టైము ఉదయం ఏడింటికి ఫోను చేస్తాను. నాకు వినిపించు. కుదురుగా, గొంతు తగ్గించకుండా అనాలి. నువ్వు సరిగ్గా అనేదాకా ఫోను పెట్టను.

తాతయ్య