చంద్రగిరి ఇంట్లో వినైల్ పూల్: నీళ్లు తగ్గుతుంటే అడ్వాన్స్ ఇవ్వాలా?

చంద్రగిరిలో కొనాలనుకుంటున్న ఇంట్లో వినైల్ పూల్ (లోపల లైనర్ అనే ప్లాస్టిక్ షీటు పరిచిన ఈత కొలను) నీళ్లు రోజుకు అంగుళం తగ్గుతున్నాయని, ఎండకు ఆవిరవుతున్నాయని ఓనర్ అంటున్నాడని అడిగారు. అంత తగ్గుతోందంటే అది లీకే అయ్యుంటుంది. ఓనర్ చెప్పినట్టు ఎండకు ఆవిరయ్యేది అంత ఉండదు, తిరుపతి ఎండల్లో కూడా. చాలాసార్లు లైనర్ మధ్యలో చిరగదు. స్కిమ్మర్ (పైన తేలే చెత్తను లాగే నోరు), లైటు, నీళ్లు తిరిగొచ్చే పైపు నోరు, ఇలా లైనర్‌ను కోసి బిగించిన చోటే కారుతుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఇలా పరీక్షించండి:

1. బకెట్‌లో పూల్ నీళ్లే పోసి, కదలకుండా రాయి వేసి, పూల్ మెట్టు మీద నీళ్లలోనే పెట్టండి. గట్టు మీద పెడితే దండగ, ఆ నీళ్లు వేరేగా వేడెక్కుతాయి.
2. లోపలా బయటా మట్టం సమానం చేసి గుర్తు పెట్టండి. పంపు ఆపి 24 గంటలు చూడండి. బకెట్‌లోనూ పూల్‌లోనూ ఒకేలా తగ్గితే ఆవిరే, పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకే.
3. అందరూ వదిలేసేది ఇదే: పంపు నడుపుతూ ఇంకో 24 గంటలు చూడాలి. ఆపినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ పోతే, లీకు పంపు తర్వాతి పైపుల్లో. రెండుసార్లూ ఒకేలా పోతే లైనర్‌నో ఫిట్టింగులనో అనుమానించండి. మట్టం ఎక్కడ ఆగిపోతుందో చూస్తే, లీకు దాదాపు ఆ ఎత్తులోనే దొరుకుతుంది.

ఓనర్ నీళ్లన్నీ తోడించి చూపిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఖాళీగా ఉంచితే పాత లైనర్ ముడుచుకుపోయి, మళ్లీ నింపేటప్పుడు చిరుగుతుంది. నవంబరు వానల్లోనైతే భూగర్భజలం కింది నుంచి తోసి లైనర్‌ను లేపేస్తుంది కూడా.

లైనర్ వేసిన బిల్లు అడగండి. పదేళ్లు దాటినదైతే కొత్తదాని ఖర్చు ఇంటి ధరలోంచి తగ్గించమనండి.