ఒకే బటన్‌తో వెలిగి ఆరే దీపం: మేనల్లుడికి లేఖ

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమ్మమ్మ రాత్రివేళ లేచి గోడమీది స్విచ్ కోసం చీకట్లో తడుముకోవలసిన అవసరం లేకుండా, మంచం పక్కనే ఒక బటన్ పెట్టి, దాన్ని ఒకసారి నొక్కితే దీపం వెలిగేటట్టు, మళ్లీ నొక్కితే ఆరేటట్టు చేయాలని నీవు అనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. సర్క్యూట్ పదిసార్లలో ఆరేడుసార్లే మాట వింటున్నదనీ, అనుమానం వచ్చి రెండు ఐసీలు, అంటే చిప్‌లు, మార్చినా ఫలితం లేదనీ రాశావు. ఐసీలను పారేయకు బిడ్డా, వాటిలో దోషం లేదు. దోషం బటన్ దగ్గర ఉంది.

మనం బటన్‌ను ఒక్కసారే నొక్కామనుకుంటాము. లోపల మాత్రం రెండు లోహపు రేకులు ఒకదానికొకటి తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాతే నిలకడగా అతుక్కుంటాయి. కంటికి కనిపించని ఈ గంతులన్నీ ఐసీకి వేరువేరు నొక్కుళ్లుగా తోస్తాయి. గంతులు ఒకటో మూడో అయితే దీపం నీవు కోరినట్టే మారుతుంది. రెండో నాలుగో అయితే మారి, మళ్లీ మొదటి స్థితికే వస్తుంది కనుక నీకు అసలు మారనట్టే కనిపిస్తుంది. చదువుకునే రోజుల్లో నేను లెక్కపెట్టే 4026 ఐసీకి ఒక అంకెల డిస్‌ప్లే తగిలించి, దాని క్లాక్‌కు, అంటే లెక్కను ముందుకు నడిపే ఇన్‌పుట్‌కు, మామూలు బటన్ కలిపి చూశాను. ఒక్క నొక్కుకు అంకె సున్నా నుంచి ఒక్కసారిగా నాలుగుకు దూకింది. నీకు వీలైతే ముందు ఆ ప్రయోగమే చేయి, ఎందుకంటే ఆ అంకెలు దూకడం ఒకసారి కళ్లారా చూసినవాడు బటన్‌ను నేరుగా క్లాక్‌కు ఎన్నడూ కలపడు.

ఇక దీపం వెలిగి ఉందో ఆరి ఉందో సర్క్యూట్ గుర్తుంచుకునే జ్ఞాపకం సంగతి. మన ఊరి బావి దగ్గరి మోటారు స్టార్టర్ నీకు తెలిసిందే. పచ్చ బటన్ నొక్కగానే కాయిల్ లాగుతుంది, దాని సొంత కాంటాక్టే ఆ కాయిల్‌కు కరెంటు అందిస్తూ ఉంటుంది కనుక వేలు తీసినా మోటారు నడుస్తూనే ఉంటుంది. అదీ ఒక జ్ఞాపకమే, కాని వెలిగించడానికి ఒక బటన్, ఆపడానికి ఇంకొకటి కావాలి. ఒకే బటన్ రెండు పనులూ చేయాలంటే, సర్క్యూట్ తన ప్రస్తుత స్థితిని తాను గుర్తుంచుకొని దానికి వ్యతిరేకమైన స్థితిలోకి వెళ్లాలి. రెండు వాక్యూమ్ ట్యూబులతో ఇటువంటి రెండు స్థితుల సర్క్యూట్‌ను ఎక్లెస్, జోర్డాన్ అనే ఇద్దరు 1918లోనే కట్టారు. అటువంటి సర్క్యూట్‌నే ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. నీ చేతిలోని 4013 ఐసీలో అవి రెండు ఉన్నాయి.

వాటిలో ఒకటే మనకు చాలు. 14వ పిన్‌కు 12 వోల్టులు, 7వ పిన్‌కు గ్రౌండ్ ఇచ్చి, ఆ రెండింటి మధ్య ఐసీకి ఆనుకొని ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. 2వ పిన్‌ను 5వ పిన్‌కు కలుపు. ఆ ఒక్క తీగే ఈ సర్క్యూట్‌కు ప్రాణం, ఎందుకంటే అవుట్‌పుట్‌కు వ్యతిరేకమైన విలువ దాని ద్వారానే ఇన్‌పుట్‌కు చేరి, తర్వాతి నొక్కు కోసం సిద్ధంగా ఉంటుంది. 3వ పిన్ క్లాక్, 1వ పిన్ అవుట్‌పుట్. 6వ పిన్‌నూ, వాడని రెండవ సగానికి చెందిన 8, 9, 10, 11 పిన్‌లనూ తప్పకుండా గ్రౌండ్‌కు కలుపు. ఇటువంటి సీమాస్ రకం ఐసీలో ఎక్కడా కలపకుండా గాలికి వదిలేసిన ఇన్‌పుట్ చెయ్యి దగ్గరికి వచ్చినా చలిస్తుంది. 12, 13 పిన్‌లు అవుట్‌పుట్‌లు కనుక వాటిని అలాగే వదిలేయాలి.

బటన్‌ను శుభ్రపరిచే భాగానికి ఎక్కువ శ్రద్ధ పెట్టు. 12 వోల్టుల నుంచి బటన్, దాని తర్వాత 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి ఒక కూడలి. ఆ కూడలి నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌నూ 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్‌నూ పక్కపక్కన పెట్టు. నొక్కగానే కెపాసిటర్ అర మిల్లీసెకను ప్రాంతంలో చాలావరకు నిండుతుంది, కాని ఖాళీ కావడానికి 47 మిల్లీసెకన్ల కాలమానం పడుతుంది. రేకులు మధ్యలో ఎన్ని గంతులు వేసినా ఆ కొద్ది వ్యవధిలో వోల్టేజి పెద్దగా పడిపోదు. అయితే ఇలా మెల్లగా ఎక్కి దిగే వోల్టేజిని నేరుగా 4013 క్లాక్‌కు ఇవ్వకూడదు, దానికి నిటారుగా లేచే అంచు కావాలి. అందుకని మధ్యలో 40106 ఐసీ పెట్టి, దానిలోని రెండు ష్మిట్ ఇన్వర్టర్‌లను, అంటే మెల్లని మార్పును నిటారు అంచుగా చేసి విలువను తిరగేసే భాగాలను, వరుసగా కలుపు: కూడలి 1వ పిన్‌కు, 2 నుంచి 3కు, 4వ పిన్ నుంచి 4013 క్లాక్‌కు. రెండుసార్లు తిరగబడుతుంది కనుక నొక్కినప్పుడే అంచు పైకి లేస్తుంది. 14వ పిన్‌కు 12 వోల్టులు, 7వ పిన్‌కూ వాడని ఇన్‌పుట్‌లైన 5, 9, 11, 13 పిన్‌లకూ గ్రౌండ్ ఇవ్వడం ఇక్కడా మరువకు.

టైమర్‌గా వాడే 555 ఐసీ ఒక్కదానితోనే ఈ పని చేసే పద్ధతి ఒకటి ఉంది, అది నీకూ ఎదురై ఉంటుంది. నేర్చుకోవడానికి అది మంచిదే. కాని దానిలో కెపాసిటర్ నిండేలోగా వెంటనే రెండోసారి నొక్కితే ఆ నొక్కు వృథా అయ్యే అవకాశం ఉంది, పైగా మామూలు 555 తాను ఊరికే ఉన్నప్పుడు కూడా కొన్ని మిల్లీయాంపులు తింటుంది. రోజంతా పెట్టి ఉంచే పనికి నా ఓటు 4013కే.

కరెంటు పోయి వచ్చినప్పుడు దీపం ఏ స్థితిలో ఉండాలో నీవే నిర్ణయించాలి, ఐసీకి వదిలేయకూడదు. అర్ధరాత్రి కరెంటు రాగానే దీపం తనంతట తాను వెలిగి అమ్మమ్మ ఉలిక్కిపడి లేవడం నాకు ఇష్టం లేదు. 4013లో 4వ పిన్ రీసెట్, అంటే అవుట్‌పుట్‌ను ఆర్పే ఇన్‌పుట్. దానికీ 12 వోల్టులకూ మధ్య 1 మైక్రోఫారడ్, దానికీ గ్రౌండ్‌కూ మధ్య 100 కిలో ఓమ్‌లు పెడితే, కరెంటు వచ్చిన తొలి క్షణాల్లో ఆ పిన్ పైన ఉండి దీపాన్ని ఆర్పి ఉంచుతుంది. ఆ రెసిస్టర్‌కు అడ్డంగా, కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే 4148 డయోడ్‌ను, గీత ఉన్న వైపు 4వ పిన్‌కు వచ్చేటట్టు పెడితే, సప్లయి పడిపోగానే కెపాసిటర్ త్వరగా ఖాళీ అయి మళ్లీ సిద్ధమవుతుంది.

దీపానికి 230 వోల్టుల జోలికి వెళ్లవద్దు. 12 వోల్టుల, 5 వాట్ల ఎల్ఈడీ బల్బు తెచ్చుకో. అది అర యాంపు కంటే తక్కువే తీసుకుంటుంది కనుక 1 యాంపు అడాప్టర్ చాలు. బల్బు మైనస్ తీగను, స్విచ్‌లా పనిచేసే ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ మధ్య కాలికి ఇచ్చి, అక్షరాలు నీ వైపు ఉండగా ఎడమ కాలికి 4013 ఐసీ 1వ పిన్‌ను 1 కిలో ఓమ్ ద్వారా కలిపి, కుడి కాలును గ్రౌండ్ చేయి. ఎడమ కాలి నుంచి గ్రౌండ్‌కు మరో 100 కిలో ఓమ్‌లు పెట్టు. దీని బదులు కాయిల్‌తో కాంటాక్టులను లాగే రిలే పెట్టవచ్చు గాని, నిద్రపోతున్న మనిషి పక్కన ఆ టక్కుమనే శబ్దం ఎందుకు?

పరకాల దగ్గర ఒక రైసుమిల్లుకు నేను ఇటువంటిదే చేసి ఇచ్చి భంగపడ్డాను. బటన్ గేటు దగ్గర, సర్క్యూట్ లోపలి గదిలో. మధ్యలో పొడుగాటి ఒంటి తీగలు మోటారు కేబుల్ పక్కనుంచే పోయాయి. మోటారు స్టార్టర్ పడ్డప్పుడల్లా ఎవరూ నొక్కకుండానే దీపం మారేది. రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలిపెట్టి, మోటారు కేబుల్‌కు దూరంగా లాగి, అప్పటిదాకా బటన్ దగ్గర పెట్టిన కెపాసిటర్‌ను బోర్డు మీద ఐసీ పక్కకు మార్చిన తర్వాత గాని అది కుదుటపడలేదు. మంచం నుంచి బోర్డుకు నీ తీగ రెండు మూడు మీటర్లే కావచ్చు, అయినా మెలిపెట్టే వేయి.

ముందు సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద, మాస్‌ఫెట్ లేకుండా, 4013 ఐసీ 1వ పిన్ నుంచి 4.7 కిలో ఓమ్‌ల ద్వారా ఒక చిన్న ఎల్ఈడీ వెలిగించి చూడు. యాభైసార్లు నొక్కి లెక్కపెట్టు. ఒక్కటి తప్పినా సోల్డరింగ్‌కు పోవద్దు, తప్పు ఎక్కడుందో మల్టీమీటర్‌తో వెతుకు. ఆ తర్వాత బటన్‌ను అమ్మమ్మ చేతికే ఇచ్చి నొక్కించు. ఆమె బొటనవేలిలో ఇప్పుడు మునుపటి బలం లేదు, చిన్న బటన్ ఆమె చేతికి దొరకదు కూడా; కాలింగ్ బెల్‌కు పెట్టే వెడల్పాటి బటన్ అయితే చీకట్లోనూ అరచేతికి తగులుతుంది. వచ్చే ఆదివారం బోర్డు తీసుకొని రా, నీ పాత బటన్‌ను కూడా తెచ్చుకో. అది ఎన్ని గంతులు వేస్తున్నదో వోల్టేజి మార్పును గీతగా చూపే నా ఆసిలోస్కోపు మీద ఇద్దరమూ కలిసి చూద్దాము.

మామయ్య