అమ్మ క్యాన్సర్ వివరాలు రాసుకున్నారు.. అవి బయటికి పొక్కుతాయా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. అమ్మకు 47 ఏళ్లు. రొమ్ములో గడ్డ కనిపిస్తే ఆరు నెలల కిందట హైదరాబాద్‌లో ఆపరేషన్, ఆ తర్వాత కీమో చేయించాం. ఆస్పత్రిలో ఒకావిడ వచ్చి అమ్మ పేరు, ఇంటిపేరు, ఊరు, ఆ ఊళ్లో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, పొగాకు అలవాటుందా అని అడిగి రాసుకున్నారు. క్యాన్సర్ రిజిస్ట్రీ కోసమన్నారు. మొన్న ఫోన్ చేసి అమ్మ ఎలా ఉన్నారని కూడా అడిగారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఈ వివరాలు ఎవరి చేతికి వెళ్తాయోనని టెన్షన్‌గా ఉంది. ఇవ్వనని చెప్పొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు చెల్లెలి పెళ్లి సంగతి. పెళ్లివారికి అమ్మగారి జబ్బు గురించి చుట్టాల ద్వారానో, ఇరుగుపొరుగు ద్వారానో తెలిస్తే తెలియొచ్చు గానీ, రిజిస్ట్రీ నుంచి తెలిసే దారి లేదు. రిజిస్ట్రీ అంటే క్యాన్సర్ వచ్చినవాళ్ల వివరాలు ఒకచోట రాసి లెక్కలు తీసే వ్యవస్థ. అది బయటపెట్టేవి ఆ లెక్కలు మాత్రమే. ఫలానా జిల్లాలో, ఫలానా ఏళ్లలో, ఇంత వయసు ఆడవాళ్లలో ఇన్ని రొమ్ము క్యాన్సర్లు అని ఉంటుంది. మనుషుల పేర్లుండవు.

మరి పేరెందుకు రాసుకున్నారంటారా? ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెట్టడానికి. బయాప్సీ ఖమ్మంలో ఒక ల్యాబ్‌లో, ఆపరేషన్ హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో, రేడియేషన్ ఇంకోచోట జరిగిందనుకోండి. ఒక కాగితంలో ‘కె. లక్ష్మి’ అని ఉంటుంది, రెండోదాంట్లో ‘వెంకటలక్ష్మి’, మూడోదాంట్లో ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరు చివర. వయసు ఒకచోట 47, ఇంకోచోట ‘సుమారు 50’. జాగ్రత్తగా సరిచూడకపోతే ఆవిడే ముగ్గురు రోగులైపోతారు. మన ఇళ్లలో ఆడవాళ్ల పేర్లను ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలియంది కాదు. ఈ చిక్కుముడులు విప్పడానికే రిజిస్ట్రీ సిబ్బంది ఆస్పత్రుల మెడికల్ రికార్డుల గదులు, ల్యాబులు, మున్సిపాలిటీ మరణాల రిజిస్టర్లు తిరుగుతుంటారు. 2012 నుంచి 2016 వరకు లెక్కలున్న జాతీయ నివేదిక 2020లో గానీ రాలేదంటే, ఆ ఆలస్యంలో ఈ తిరుగుడు వాటా చాలానే ఉంది.

ఇక ఆ ఊళ్లో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారన్న ప్రశ్న. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రిజిస్ట్రీలు రెండు రకాలు. ఆస్పత్రి రిజిస్ట్రీ తన దగ్గరికొచ్చిన రోగులందరినీ, ఏ ఊరివాళ్లయినా, రాసుకుంటుంది. జనాభా రిజిస్ట్రీ తన హద్దుల్లో కనీసం ఏడాదిగా కాపురముంటున్న వాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది. నిమ్స్ నడిపే హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రీ ఈ రెండో రకం. మీ అమ్మగారు వైద్యం చేయించుకున్నది హైదరాబాద్‌లోనే అయినా, ఆ లెక్కలో ఆవిడ చేరరు. చాలామంది కేస్ షీట్‌లో సిటీలో ఉన్న చుట్టాల అడ్రస్ రాయిస్తారు. తిరగడం తేలికవుతుందని అనుకుంటారు. దానివల్ల పల్లెలో పుట్టిన జబ్బు నగరం ఖాతాలో పడుతుంది. మీ జిల్లాకు రేడియేషన్ మిషన్ కావాలా అని ఎవరైనా లెక్కలు తీస్తే, అక్కడ రోగులు తక్కువ కనిపిస్తారు. మీరు కూడా అలా రాయించి ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు సరిచేయించండి.

జబ్బును కూడా మాటల్లో కాదు, ప్రపంచమంతా వాడే ఒకే రకం కోడ్‌లో రాస్తారు. రొమ్ము అయితే సి50. గడ్డ రకాన్ని చెప్పే ఇంకో కోడ్ ఉంటుంది. దాని చివరి అంకె 3 అయితే పక్కకు పాకే క్యాన్సర్, 2 అయితే పుట్టిన చోటే ఉన్నది, 0 అయితే మామూలు గడ్డ. ఇంత చాదస్తం అవసరమా అనిపిస్తుంది. కానీ శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అది కాల్చేది అంగిలిని. అంగిలికి విడిగా కోడ్ లేకుండా అన్నిటినీ ‘నోటి క్యాన్సర్’ అని రాసేస్తే, ఆ అలవాటుకూ ఆ జబ్బుకూ ఉన్న లంకె లెక్కల్లో కనబడదు.

మన దేశంలో మొదటి జనాభా రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, జాతీయ కార్యక్రమం కింద వివరాల సేకరణ 1982లో మొదలుపెట్టింది. దశాబ్దాలుగా ఒకే పద్ధతిలో రాస్తూ వచ్చారు కాబట్టే ముంబై, చెన్నై, బెంగళూరుల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతోందనీ, రొమ్ము క్యాన్సర్ దాన్ని దాటిపోయిందనీ తెలిసింది. 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో హైదరాబాద్ ఒకటి. వయసు తేడాలు సరిచేశాక, లక్ష మంది ఆడవాళ్లకు ఏటా 48.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ, చాలామందికి ఉండే భయమే. రిజిస్ట్రీ ఏ కంపెనీకీ పేర్లు ఇవ్వదు. కంపెనీలకు తెలిసేది ప్రపోజల్ ఫారంలో మనం రాసేదాన్ని బట్టి, క్లెయిమ్‌కు పెట్టిన కాగితాలను బట్టి. అక్కడ మాత్రం ఏదీ దాచకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పరిశోధనకూ గణాంకాలకూ కొంత మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ సమాచారంతో ఫలానా మనిషి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదని షరతు పెట్టింది.

ఫోన్ సంగతికొస్తే, వైద్యమయ్యాక ఎంతమంది ఎన్నేళ్లు బాగున్నారో తెలియాలంటే అడగక తప్పదు. ఊరికి వెళ్లిపోయిన వాళ్లు మళ్లీ చెకప్‌కు రాకపోతే ఇంకో దారి లేదు. ఇష్టం లేకపోతే చెప్పనని అనొచ్చు, అమ్మగారి వైద్యం ఏమీ ఆగదు. అయితే కేస్ షీట్‌లో ఉన్న వివరాలు ఆస్పత్రి నుంచి రిజిస్ట్రీకి వెళ్తాయి. కొన్ని రాష్ట్రాల్లో క్యాన్సర్ కేసులను తెలియజేయడం ఆస్పత్రుల బాధ్యత కూడా. రక్తం, కణజాలం నమూనాలతో విడిగా ఏదైనా పరిశోధన చేస్తామంటే అది వేరే విషయం. మీ సంతకం లేకుండా కుదరదు. చదివే పెట్టండి. ఇంకోటి, రిజిస్ట్రీ వాళ్లు ఓటీపీ, బ్యాంకు వివరాలు, డబ్బులు అడగరు. అడిగితే ఫోన్ పెట్టేసి, ఆస్పత్రి నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

చెల్లెలి గురించి నాకున్న ఆలోచన వేరు. అమ్మగారికి 50 దాటకముందే వచ్చింది కాబట్టి, జన్యు పరీక్ష అవసరమేమో మీ డాక్టర్‌ను అడగండి. చేస్తే ముందు అమ్మగారికి చేయాలి. అందులో ఏమీ తేలకపోయినా, అమ్మకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు నుంచి, అంటే 37 దగ్గర నుంచి, చెల్లెలికి మామోగ్రామ్ మొదలుపెట్టమంటాం. ఈ లోపు గడ్డ గానీ, చనుమొన నుంచి రక్తం గానీ కనిపిస్తే వయసుతో పని లేకుండా వెంటనే చూపించాలి. అమ్మగారి బయాప్సీ రిపోర్టు కాపీ ఒకటి చెల్లెలి దగ్గర ఉంచండి. పెళ్లయి ఏ ఊరు వెళ్లినా అక్కడి డాక్టర్ మొదట అడిగే కాగితం అదే.