ఆ గోడకు సిమెంటు తగలనివ్వకు

బ్లెస్సీ తల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మాయి సెలవుల్లో మిసిసిపీలో ఏదో పాత ప్రెస్బిటేరియన్ చర్చికి కొలతలు తీసి బొమ్మలు గీస్తుందట, చరిత్ర కూడా రాస్తుందట" అన్నాడు. ఏ చర్చిరా అంటే వాడికి గుర్తు లేదు. "శిఖరం మీద చెయ్యి ఉంటుందట" అన్నాడు. పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను. పోర్ట్ గిబ్సన్! మీ అన్న జాక్సన్‌లో ఉన్నప్పుడు మమ్మల్ని ఆ ఊరు తీసుకెళ్లాడు. శిలువ ఉంటుందనుకున్న చోట బంగారు రంగు పిడికిలి, చూపుడు వేలు ఆకాశంకేసి. మీ పెద్దమ్మ చూసి "ఎవర్నో బెదిరిస్తున్నట్టుందండీ" అంది.

మా ఇంటి పిల్ల ఆ గోడల మీద చెయ్యి వేస్తుందంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

కొలతలు రెండుసార్లు తీసుకో. నోట్‌బుక్‌లో తేదీ వెయ్యి. టోపీ పెట్టుకో, నీళ్లు తాగు. ఇవన్నీ నీకు తెలుసు.

ఇక గోడ సంగతి. ఆ కట్టడం 1859-60 నాటిది. ఇప్పుడు మనం మామూలుగా వాడే సిమెంటు, అంటే పోర్ట్‌లాండ్ సిమెంటు, అమెరికాలో తయారవడం మొదలైందే 1870ల్లో. కాబట్టి ఇటుకల మధ్య గట్టిగా, బూడిద రంగులో మెరిసే అతుకు కనిపిస్తే అది చాలావరకు తర్వాత ఎవరో చేసిన రిపేరు. చాకు మొనతో నెమ్మదిగా గీకి చూడు, అదీ చర్చివాళ్లు ఒప్పుకుంటేనే. సున్నమైతే పొడిపొడిగా రాలుతుంది. సిమెంటైతే చాకే అరుగుతుంది. అలాంటి చోటల్లా బొమ్మలో గుర్తు పెట్టు. దీనికింత పట్టుదల ఎందుకో చెప్తాను. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

మీ నాయనమ్మ పెళ్లి జరిగిన చర్చి నీకు ఫోటోలోనే తెలుసు. మిషనరీల కాలంలో ఇటుక, డంగు సున్నంతో కట్టింది. ఓ తుపానుకి పడమటి గోడ అతుకులు కొట్టుకుపోయాయి. అప్పటికి నేను ఆర్ అండ్ బీలో కొత్తగా ఏఈని. సంఘం పెద్దలు "మన అబ్బాయే ఇంజనీరు కదా" అని పని నా చేతిలో పెట్టారు. నాకేమో వంతెనలు తెలుసు, సిమెంటు తెలుసు. పాత గోడ తెలియదు. తెలియదని కూడా తెలియదు.

ఓ ముసలి తాపీ మేస్త్రీ ఉండేవాడు. గానుగలో సున్నం తొక్కించి, కరక్కాయ నీళ్లు కలిపి గార చేసిన చేతులు. నేను సిమెంటు బస్తాలు దింపిస్తుంటే దగ్గరికొచ్చి, "ఈ ఇటుక మెత్తదండీ. సిమెంటు పెడితే గోడ తాగిన నీళ్లు ఎటు పోవాలండీ?" అన్నాడు. పదిమందిలో నవ్వాను. "నీళ్లు లోపలికే రావు తాతా, ఇక పోయేదెక్కడికి?" అన్నాను. ఆయన తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు.

నీళ్లు వచ్చాయి. పునాది నుంచి పైకి ఎక్కాయి, కప్పు అంచు నుంచి కిందికి దిగాయి. సున్నం అతుకు ఇటుక కన్నా మెత్తగా ఉంటుంది. గోడలోని చెమ్మ ఆ అతుకుల గుండానే బయటికి వచ్చి ఆరిపోతుంది, అరిగితే అతుకే అరుగుతుంది, అరిగినప్పుడు కొత్తగా నింపుకోవచ్చు. నేను ఆ దారి మూసేశాను. ఇక చెమ్మ ఇటుకలోంచే వచ్చింది, వస్తూ ఉప్పు మోసుకొచ్చింది. మూడు వానాకాలాలు గడిచేసరికి ఇటుకల ముఖాలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయాయి. నా సిమెంటు మాత్రం చెక్కు చెదరలేదు. ఇటుక లోపలికి పోయి, అతుకులు బయటికి పొడుచుకొచ్చి, గోడంతా చేపల వల ఆరేసినట్టు ఉండేది. తీయిద్దామని ఉలి పెట్టిస్తే సిమెంటుతో పాటు ఇటుక అంచులూ ఊడొచ్చాయి. మేస్త్రీ దగ్గరికి వెళ్దామనుకునేలోపే ఆయన పోయాడు. మీ నాయనమ్మ ఆ గోడ పక్కన కూర్చుని పాటలు పాడేది. ఒక్కరోజూ నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ పెచ్చు ఒకటి నా బీరువాలో ఉంది. నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను.

సరే. ఆ చెయ్యి కథకొస్తాను. మొదట చెక్కతో చేశారు, చెక్కింది డేనియల్ ఫోలీ అనే స్థానిక కుర్రాడని చెబుతారు. ఎండకీ వానకీ అది పాడైతే తర్వాత లోహపుది పెట్టారు. జెబ్యులన్ బట్లర్ అనే పాస్టరు ప్రసంగంలో అలా వేలెత్తేవారట, అందుకే ఆ చెయ్యి అంటారు. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలో, అక్కడ పోరు జరిగినప్పుడు ఉత్తరాది సైన్యం జనరల్ గ్రాంట్ "ఈ ఊరు తగలబెట్టడానికి వీల్లేనంత అందంగా ఉంది" అన్నాడనీ చెబుతారు. మంచి కథలే. 'అంటారు' అనే రాయి. కాగితం దొరికితేనే 'జరిగింది' అని రాయి. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో పాస్టరు ఒక్కడిదే పెత్తనం కాదు, ఎల్డర్ల 'సెషన్' కూర్చుని మినిట్స్ రాసుకుంటుంది. వాటికోసం అడుగు.

లోపల వేలాడే షాండిలియర్లు రాబర్ట్ ఇ. లీ అనే ఆవిరి పడవ నుంచి వచ్చాయి. 1870లో మిసిసిపీ నది మీద నాచెజ్ అనే పడవతో పందెం కట్టి గెలిచిన పడవ అది. అందరూ తలెత్తి వాటినే చూస్తారు, నేనూ అదే చేశాను. నువ్వు బాల్కనీ కూడా చూడు. ఆ కాలపు దక్షిణాది చర్చిల్లో బానిసల్ని పైన కూర్చోబెట్టేవారు. రిజిస్టర్లలో తరచూ వాళ్లకి ఇంటిపేరు ఉండదు, ఒట్టి పేరు, పక్కన యజమాని పేరు. ఆ పేర్లు దొరికితే ఒక్కటీ వదలకుండా ఎత్తి రాసుకో. ఎవరు ముందు, ఎవరు వెనక అనే లెక్కలు మన ఊళ్లలో మాత్రం లేవా తల్లీ, మీ నాయనమ్మని అడిగితే చెప్పేది.

చర్చివాళ్లతో మాత్రమే మాట్లాడి వచ్చెయ్యకు. 1966లో ఆ ఊళ్లో నల్లజాతివాళ్లు తెల్లవాళ్ల దుకాణాల్ని బహిష్కరించారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది, 1982లో వాళ్ల పక్షానే తీర్పొచ్చింది. ఆ రోజులు చూసినవాళ్లు ఇంకా ఉంటారు. ఆ శిఖరం వాళ్లకి ఎలా కనిపించేదో అడుగు. మేస్త్రీ ఎవరైనా కనిపిస్తే ఆయన్నీ కూర్చోబెట్టి మాట్లాడించు, నవ్వకుండా విను.

చివరి మాట. శిఖరం లోపలి నిచ్చెన ఎక్కాలని నీకు అనిపిస్తుంది, అనిపించకపోతే నువ్వు మా పిల్లవే కాదు. ఒంటరిగా ఎక్కకు. పాత చెక్క పైకి బాగానే కనిపిస్తుంది, లోపల డొల్ల. నడుముకి తాడు కట్టుకో. ఎక్కే ముందు, దిగాక నాకు మెసేజ్ పెట్టు. మీ నాన్నకి వద్దు, వాడు ఊరికే టెన్షన్ పడతాడు.

దీవెనలతో,
పెదనాన్న