పీహెచ్‌సీ ఓపీలో గైడ్‌లైన్స్ పాటించడం నిజంగా కుదురుతుందా?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా పీహెచ్‌సీలో చేరారు, గైడ్‌లైన్స్ అన్నీ ఫోన్లో ఉన్నాయి, కానీ పొద్దున ఓపీలో ఒక్కొక్కరికి 2 నిమిషాలు కూడా దొరకడం లేదు, ఇక వాటిని పాటించేదెప్పుడు అని.

నేను తెలంగాణలో ఒక మండల పీహెచ్‌సీలో 9 ఏళ్లుగా మెడికల్ ఆఫీసర్‌ని. అన్ని జబ్బుల గురించీ చెప్పను. బీపీ ఒక్కటే చెప్తాను, అందులో నా తప్పు నాకే దొరికింది కాబట్టి.

2017 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం మొదలుపెట్టాయి. తొలి విడత 5 రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మాకు ఇచ్చింది పుస్తకం కాదు, గోడకు అంటించుకునే ఒక్క కాగితం. అమ్లోడిపిన్ 5 ఎంజీతో మొదలుపెట్టు. నెల తర్వాత కూడా 140/90 దాటితే టెల్మిసార్టాన్ 40 కలుపు. అప్పటికీ దిగకపోతే డోసు పెంచు, ఆ తర్వాత నీటి మాత్ర, అంటే ఒంట్లో ఎక్కువ నీటిని మూత్రంలో పంపేది. అంతే. "మేమేమన్నా కాంపౌండర్లమా, మెట్టు మెట్టుకీ ఏం రాయాలో చెప్పడానికి?" అని మీటింగ్ అయ్యాక టీ దగ్గర గొణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. అందరికీ అవే 3, 4 మందులు ఎందుకో స్టోరు చూసుకునే ఫార్మసిస్టుకి నాకంటే ముందే అర్థమైంది. ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారో తెలిస్తే వచ్చే మూడు నెలలకు ఎన్ని మాత్రలు కావాలని ఇండెంట్ పెట్టాలో లెక్క తేలుతుంది. డాక్టరుకో బ్రాండు రాసే చోట ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

మొదటి చిక్కు మందుల దగ్గర కాదు, కుర్చీ దగ్గర వచ్చింది. మా దగ్గర బీపీ లైన్లో నిలబెట్టి, చొక్కా చేతి మీదే కఫ్ చుట్టి చూసేవాళ్లు. ఆటో దిగి ఎండలో నడిచొచ్చిన మనిషికి అప్పటికప్పుడే. రిజిస్టరు తిరగేస్తే అన్నీ 140/90, 130/80, 150/100. చివర ఎప్పుడూ సున్నాయే. డిజిటల్ మిషన్ వచ్చాక 143/87 లాంటి అంకెలు కనిపిస్తే సిస్టర్‌కే వింతగా తోచింది. వరండాలో వీపుకు ఆనుకునే కుర్చీలు రెండు, ఒక బల్ల వేయించాం. 5 నిమిషాలు కూర్చోవాలి, కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. అరగంట ముందు చాయ్, బీడీ వద్దు. ఎక్కువ వస్తే కాసేపాగి మళ్లీ చూడాలి. అన్నిటికంటే కష్టం మాట్లాడకుండా కూర్చోబెట్టడం. "నోరు మూసుకుంటే బీపీ తగ్గుతదా బిడ్డా?" అని ఒక అవ్వ అడిగింది. తగ్గుతుంది. కొంతమందికి మాత్రే అక్కర్లేదని ఆ కుర్చీల్లోనే తేలింది.

ఇక నా తప్పు. ఒక మధ్యాహ్నం ఓపీ అయ్యాక, బీపీ కంట్రోల్‌లోకి రాని 20 మంది కార్డులు తీసి సిస్టర్, నేను కూర్చుని చూశాం. వాళ్లు రావడం లేదని, మాత్రలు వేసుకోవడం లేదని నా నమ్మకం. చూస్తే సగానికి పైగా కార్డుల్లో మనిషి నెలనెలా వచ్చాడు. పై బీపీ 152, 156, 150. ప్రతిసారీ కింద నా చేతిరాతలో సీఎస్‌టీ, అంటే పాత మందే కొనసాగించమని. ఏ మెట్టు మీద ఏం చేయాలో నాకు తెలియక కాదు, కాగితం నా తల వెనకే ఉంది. "రెండు దినాలు గోలి ఏసుకోలే సారూ" అనగానే సరే, వచ్చే నెల చూద్దాం అనుకునేవాణ్ణి. 152 అంటే మరీ ఎక్కువేం కాదులే అనిపించేది. రెండో మాత్ర రాస్తే ఎందుకో చెప్పాలి, చెప్తే 5 నిమిషాలు, వెనక లైను. సీఎస్‌టీ రాయడానికి మాత్రం ఒక్క సెకను చాలు.

అప్పటి నుంచి 140/90 దాటిన కార్డుకి సిస్టర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి నా ముందు పెడుతుంది. నేను మెట్టు ఎక్కించాలి, లేదా ఎందుకు ఎక్కించలేదో ఒక్క ముక్క రాయాలి. రాయకపోతే కార్డు ఫార్మసీకి పోదు. మొదటి వారం నాకు చిరాకేసింది, ఒప్పుకుంటాను.

ఆ కారణం రాయడంలోనే అసలు డాక్టరు పని ఉందని నాకనిపిస్తుంది. పెళ్లై పిల్లల కోసం చూస్తున్న ఒకామెకు రెండో మెట్టు టెల్మిసార్టాన్ రాయబోయి ఆగాను. కడుపులో బిడ్డకు అది హాని చేస్తుంది. 80 దాటిన ఒక తాతకు లేచి నిలబడగానే కళ్లు తిరిగేవి. నిలబెట్టి కూడా బీపీ చూశాక డోసు పెంచలేదు. అమ్లోడిపిన్‌తో కాళ్లు వాచి, కిడ్నీలు పోయాయని భయపడి మాత్ర మానేసినవాళ్లున్నారు. ఇప్పుడు మాత్ర ఇచ్చేటప్పుడే ఆ వాపు సంగతి చెప్తున్నాం.

మాత్రలు 30 రోజులకు ఇవ్వండి. 15 రోజులకు ఇస్తే పత్తి ఏరే కాలంలో నెలకు రెండు రోజుల కూలి పోతుంది, మనిషి రాడు. కరోనా టైంలో ఆశాలు ఇళ్లకే తీసుకెళ్లి ఇచ్చారు; నడవలేనివాళ్లకు మా దగ్గర ఇప్పటికీ అలాగే జరుగుతోంది. ఇంకో సంగతి, స్టాకు లేని నెలలో ఏ గైడ్‌లైనూ పనిచేయదు. ఒకసారి రెండు నెలలు టెల్మిసార్టాన్ రాలేదు, ఎర్ర సున్నాలన్నీ అలాగే ఉండిపోయాయి.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ స్పూను. తొక్కు, అంటే పచ్చడి, లేనిదే ముద్ద దిగని ఊళ్లో నేను చెప్తాను, వాళ్లు తలూపుతారు.

మీకు తప్పకుండా ఎదురయ్యేది ఒకటుంది, దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. టౌన్లో ప్రైవేటు డాక్టరు రాసిన, మన స్టోర్లో లేని కాంబినేషన్ మాత్ర పట్టుకుని వస్తారు. దాన్ని మన మందులకు మార్చి రాస్తాను. కొందరు వాడతారు. కొందరు "సర్కారు గోలి పవరుండదు" అని అవి ఇంట్లో పెట్టేసి, డబ్బులున్న నెల టౌన్ మాత్ర కొంటారు, లేని నెల ఏదీ వేసుకోరు. అందుకే కార్డు చూడగానే కొత్తది రాయకుండా, ముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రమ్మంటున్నాను.